కప్ప మీద పోసిన వాన

మొన్నటి మే నెలలో మా మండలంలో ఎండ సాధారణం కన్నా కాస్త ఎక్కువట. వాన మాత్రం సాధారణం కన్నా బాగా ఎక్కువట. ఈ ముక్క నేను బస్టాండు టీ కొట్టులో, పేపరు జిల్లా పేజీలో చదివాను. చదివేటప్పుడు చేతిలో టీ గ్లాసుంది. టీలో ఈగ ఉంది. ఏది ముందు ఉమ్మాలో తెలియక రెండూ కలిపి ఉమ్మేశాను.

"ఏమప్పా, మా టీ అంత చెడిపోయిండాదా?" అన్నాడు కొట్టాయన.

"టీ కాదులే అన్నా, వాన."

"యాడుండాది వాన?" అంటూ ఆయన రేకుల కింది నుంచి తల బయట పెట్టి పైకి చూశాడు. ఆయన చూపుకు ఆకాశంలో దొరికింది ఒక్క గద్ద. అది కూడా రెక్కలాడిస్తే చెమట పడుతుందన్నట్టు గాలిలో ఊరికే వేలాడుతోంది.

నేను అబద్ధాలు చెబుతానని మా ఊళ్ళో పేరు. నా మాటను వాడుకోవడానికి మా వాళ్ళు ఒక పద్ధతి కనిపెట్టారు. చెప్పినదాంట్లో సగం గాలికి వదిలి, మిగిలిన సగాన్ని కడిగి ఆరబెట్టి, ఆ తర్వాత నమ్మాలట. కాబట్టి ఆ మే నెల ఎండ గురించి ఏది ఎంతో ముందే విడమర్చి చెబుతాను. నా నీడ గడప దాటి రాలేదు; రమ్మంటే "నువ్వు పోయి రాపో, నేనీడే ఉంటా" అన్నది. ఇది అబద్ధం. మా వీధి కుక్క నాలుక బయట పెట్టి, లోపలికి తీసుకోవడం మరచిపోయి, జూన్ దాకా అట్లే తిరిగింది. ఇది సగం అబద్ధం. రాయదుర్గం బస్సులో కిటికీ కమ్మీ పట్టుకున్న ముసలాయన అరచేతికి బొబ్బ లేచింది. ఇది నిజం. దీన్ని ఎవరూ నమ్మలేదు.

ఆ బస్సులో నేను రోజూ పోతాను. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో నా పని. షెడ్డుకు సిమెంటు రేకులు. మే నెలలో వాటి కింద కూర్చుంటే నెత్తి మీద ఎవరో కాలిన పెనం బోర్లించినట్టుంటుంది. కొత్త గుడ్డ రంగు చేతులకంటుకుంటుంది, ఆ చేతులతోనే మొహం తుడుచుకుంటాం, మొహం మీది చెమట మెడలోకి దిగుతుంది. సాయంత్రానికి షెడ్డులోని మగవాళ్ళమంతా నీలమేఘశ్యాములమే, వాసన ఒక్కటే దేవుళ్ళది కాదు. పక్కవాడి చంక, మిషన్ నూనె, డ్రమ్ములో కాగిన నీళ్ళు, మధ్యాహ్నానికే పులిసి పొంగిన డబ్బాలోని పెరుగన్నం, ఇవన్నీ కలిసి ఒకటే వాసనై ముక్కులో కాపురం పెడతాయి. ఆదివారం ఇంట్లో ఉన్నా ఖాళీ చేయవు.

మాది మండల కేంద్రం. ఊరి చివర మండలాఫీసు. దాని వెనక కంచె వేసిన జాగాలో రెండు వస్తువులున్నాయి. మొదటిది నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లరంగు చెక్కపెట్టె. నాలుగు పక్కలా గాలి ఆడేలా పలకలు ఉంటాయి. ఎండ ఎంత కాసిందో చూసే సాధనం అందులో ఉంటుంది. దానికి ఎండ తగలకూడదట, నేల సెగ తగలకూడదట, గాలి ధారాళంగా ఆడాలట. మా ఊళ్ళో అంత సౌకర్యమైన ఇల్లు ఇంకెవరికీ లేదు. ఎండలో మనుషులను పెట్టి, నీడలో ఎండను కొలిచి, ఎంతుందో మర్నాడు పేపర్లో మాకే చెబుతారు.

ఒకసారి ఆఫీసు అటెండరుతో అన్నాను, "అన్నా, దాన్ని తీసేసి నన్నాడ కూర్చోబెట్టు. ఎంత కాగిందో నేనే చెప్తా."

"నువ్వు చెప్తే సగమే రాసుకోవల్ల," అన్నాడు.

రెండోది వాన డబ్బా. సిమెంటు దిమ్మె మీద డబ్బా, డబ్బా పైన గరాటు, లోపల సీసా. వాన పడితే గరాటులోంచి సీసాలోకి దిగుతుంది. మర్నాడు పొద్దున అటెండరు దాన్ని గీతల గ్లాసులోకి వంపి, ఎంత ఉందో ఆఫీసులో చెబుతాడు. ఆఫీసు జిల్లాకు చెబుతుంది. మండలం మొత్తానికి ఆ గరాటు నోట్లో పడిందే వాన. ఊళ్ళు కొట్టుకుపోయినా ఆ నోట్లో పడకపోతే పడనట్టే. మాకు చుక్క రాలకపోయినా ఆ నోరు తడిస్తే మేమంతా తడిసినట్టే. అంత మండలానికి జానెడు నోరు.

ఇక సాధారణం అనే ఆ మాట. అది ఎట్లా వస్తుందో నాకు ఆ అటెండరే చెప్పాడు. ఎన్నో ఏళ్ళ వానలను ఒకచోట కలిపి, ఏళ్ళ మీద పంచితే వచ్చేదే సాధారణమట. మా నాయన చిన్నప్పుడు అంబలి దొరక్క తడిగుడ్డ కడుపు మీద వేసుకుని పడుకున్న ఏళ్ళు అందులో ఉన్నాయి. గొర్లమందలు దారి పొడవునా రాలిపోయిన ఏళ్ళు ఉన్నాయి. మా కరువులన్నీ కలిపి, పంచి, వచ్చినదానికి సాధారణం అని పేరు పెట్టి, ఈ యేడు దానికన్నా ఎక్కువే గదా, సంతోషించండి అంటారు. మా పక్క మే నెల సాధారణమంటే ఏవో ఒకటి రెండు గాలివానలు. ఆ మాత్రం నీళ్ళు ఒక ఊరి ఆడవాళ్ళు ఒక పూటలో పోయగలరు.

ఈ ఆఖరి మాట ఊరికే అనలేదు. కాస్త ఓపిక పట్టండి.

మా అక్క ఇల్లు మా ఇంటి వెనక సందులోనే. నాయన పోయాక నన్ను తిట్టే హక్కు ఆమెకు వచ్చింది, దాన్ని ఒక్క పూట కూడా వృథా చేయదు. ఆమెకూ బావకూ ఉన్నది కాస్త మెట్టచేను, ఒక జత ఎద్దులు. మా ఊళ్ళో మిగిలిన కాడెద్దులు అవే. దుక్కికి అందరూ ట్రాక్టరు పిలుస్తారు గానీ, మొలిచిన చెనక్కాయ సాళ్ళ మధ్య కలుపు తీయడానికి బావ గడపకే వస్తారు. కాడికి ఎడమ పక్క కట్టేదాన్ని దాపటిదనీ, కుడి పక్కదాన్ని ఎలపటిదనీ అంటాం. రెంటినీ అక్క దూడలప్పటి నుంచి సాకింది. దాపటిది పెద్దమనిషి. ఎలపటిది తాడు వదులైతే ఎవరి చేలోనైనా దూరుతుంది.

"నువ్వూ అదీ ఒకే నక్షత్రంలో పుట్టినారు రా," అనేది అక్క నాతో. "దానికి కొంచెం సిగ్గుండాది, అంతే."

పోయిన పంట పోయింది. పంటతో పాటే కాయలు తెంపాక మేతకు వాము వేసుకునే చెనక్కాయ కట్టె కూడా పోయింది. ఏప్రిల్‌లోనే వాము అడుగు కనబడింది. మేలో ఎద్దులు బస్టాండు గోడ మీది సినిమా పోస్టర్లు నాకడం మొదలుపెట్టాయి. పోస్టరు వెనక మైదా జిగురు ఉంటుంది, ఆ రుచి మరిగాయి. వాటికి హీరోలకన్నా హీరోయిన్లే ఎక్కువ నచ్చేవారన్నది నా కల్పన. పేడలో రంగురంగుల కాగితం ముక్కలు కనబడడం మాత్రం కల్పన కాదు. ఒకరోజు అక్క ఆ పేడను చేత్తో తీసి, వాకిట్లో కళ్ళాపికి కలపబోయి, అందులో ఎవరిదో సగం కన్ను చూసి అట్లే నిలబడిపోయింది. ఆ రోజు వాకిలి ఊడ్చి వదిలేసింది.

వాన సాధారణం కన్నా తక్కువ పడిన మండలాల్లో జూన్ మొదట్లో గడ్డి క్యాంపు పెడతామని ఆఫీసులో చెప్పారు. క్యాంపు పెడితే పశువులను అక్కడ కట్టేసి మేపుకోవచ్చు. గరిక మొలిచేదాకా ప్రాణాలు నిలుస్తాయి. పెట్టకపోతే దళారి ఉన్నాడు. కర్ణాటక పక్క నుంచి వస్తాడు. మెడలో తువ్వాలు, నోట్లో గుట్కా. ఎద్దును కొనేవాళ్ళు కొమ్ములు చూస్తారు, పళ్ళు చూస్తారు, నడిపించి చూస్తారు. వీడు తొడలు చూశాడు. ఆ ఎద్దు మెడ మీద మళ్ళీ కాడి పడదని అప్పుడే తెలిసిపోయింది.

"మే దాటనీప్పా," అన్నాడు బావ వాడితో. "గడ్డి క్యాంపు పెట్టినారంటే ఇచ్చేది ల్యా. పెట్టకుంటే సంతనాడు బండి తెచ్చుకో."

"బండిదేముందన్నా, ఎప్పుడూ రెడీనే," అని వాడు ఉమ్మేశాడు. ఆ ఎర్రటి ఉమ్మి ఎలపటిదాని గిట్ట పక్కన పడింది. అక్క చూసింది. వాడు సందు మలుపు తిరిగేదాకా ఆగింది. తిరిగాక చెంబెడు నీళ్ళు తెచ్చి ఆ చోటు కడిగింది. ఆ నెలలో చెంబెడు నీళ్ళంటే ఎంతో మా వీధి కొళాయి దగ్గర ఒకసారి నిలబడితే తెలుస్తుంది.

నెల సగం దాటినా మబ్బు లేదు. ఆడవాళ్ళు కప్పను ఊరేగించాలన్నారు. బతికున్న కప్పను తడిగుడ్డలో వేపమండలతో కలిపి రోకలికి కట్టి, భుజాల మీద మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి గడపలోనూ ఇంటామె చెంబెడు నీళ్ళు దాని మీద పోసి పసుపు కుంకుమ పెడుతుంది. కప్ప అరిస్తే వాన వస్తుందని నమ్మకం. రోకలికి కట్టి ఎండలో తిప్పితే ఎవరైనా అరుస్తారు.

చిక్కల్లా కప్ప దొరకడంలోనే వచ్చింది. మా కప్పలన్నీ తుంగభద్ర కాలువ పక్కకు వలస పోయాయనీ, ఆఖరిది పోతూ పోతూ నా గడప ముందు ఆగి "నువ్వూ వస్తావా అన్నా?" అని అడిగిందనీ నేను టీ కొట్టులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వితే దప్పికవుతుంది.

చివరికి ఒకటి దొరికింది. బస్టాండు మరుగుదొడ్డి వెనక గుంతలో. ఆ గుంత గురించి రాయకపోవడమే మర్యాద, కానీ నేనొక్కణ్ణే చూసి ఎందుకు కుమిలిపోవాలి? నల్లటి నీళ్ళ మీద పచ్చటి తెట్టు, తెట్టు మీద నురగ, నురగ మీద బీడీ ముక్కలు, గుట్కా పొట్లాలు, ఒక పాత చెప్పు. వాసన ముక్కుకు కాదు, పళ్ళకు అంటుకుంది. ఆ చెప్పు మీద కూర్చుని ఉంది కప్ప. నున్నగా, బలిసి, గొంతు ఆడిస్తూ, ఆ మండలంలో తిండికి లోటు లేని ఒకే ఒక్క ప్రాణి.

అక్క చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి అందులో దిగింది. పిక్కల దాకా దిగింది.

"ఛీ, అక్కా! దీన్నా నువ్వు మొక్కేది?"

"నీళ్ళుండే చోట ఉండాది గదరా," అన్నది కప్పను పట్టుకుని ఒడ్డెక్కుతూ. "దానికి తెలివుండాది. మనమే ఈడ పుట్టి సచ్చినాం."

ఆదివారం ఊరేగించారు. రోకలి ముందు కొసన అక్క. కప్ప ఒక్కసారి కూడా అరవలేదు. అన్ని గడపలూ తిరిగేసరికి మధ్యాహ్నం దాటింది. తిరగడం అయ్యాక వాననీళ్ళు నిలిచే చోట కప్పను దించి, బిందెల్లో మిగిలిన నీళ్ళన్నీ దాని మీద కుమ్మరించి వదిలిపెట్టాలి. అట్లా చేస్తేనే మొక్కు తీరినట్టు. ఎక్కడ దించాలన్నది మండలాఫీసు ముందు తగువైంది. వంకలో కంపచెట్లు మొలిచాయి. కుంటలో ఇప్పుడు క్రికెట్టు ఆడుతున్నారు. మళ్ళీ ఆ గుంతకే పోదామని ఒకామె అంటే, అవి ఏ నీళ్ళో తెలిసి అందరూ మొహాలు తిప్పుకున్నారు. అప్పుడు అక్క అన్నది,

"వాననీళ్ళ కోసరమని ఈ ఊర్లో కట్టిపెట్టిండేది ఒకటే ఉండాది గదమ్మా. మండలాఫీసు ఎనకాల డబ్బా."

"అది గవర్నమెంటుది గదే!"

"గవర్నమెంటుకు మాత్రం వాన వద్దా?"

ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద కూర్చుని ఇదంతా వింటున్న నాకు ఆ మాట నచ్చింది. ఆదివారం గనుక ఆఫీసులో పురుగు లేదు. కంచె తలుపుకు ఒక తీగ చుట్టి ఉంది. తీగ విప్పి లోపలికి పోయారు. డబ్బాకు పసుపు పూశారు, మూడు పక్కలా కుంకుమబొట్లు పెట్టారు, వేపమండ చుట్టారు. కప్పను విప్పి గరాటులో, సింహాసనం మీద పెట్టినట్టు పెట్టారు. ఒక్కొక్కరే వచ్చి పోశారు. నీళ్ళు గరాటులో నిండి, దాహంతో ఉన్నవాడు మింగినట్టు గుటకలు గుటకలుగా లోపలికి దిగాయి. కప్ప కళ్ళు మూసుకుని కూర్చుంది.

ఆఖరి చెంబు అక్కది. రెండు చేతులా పైకెత్తి, నిదానంగా, ధార తెగకుండా పోసింది. పోస్తూ ఏదో గొణిగింది. నేను కంచె దాకా పోయి ఉన్నాను గనుక వినబడింది. వాన అని అడగలేదు. గడ్డి అన్నది.

కప్ప ఒక్క దుముకులో నేల మీద పడి, ఇంకెటూ చూడకుండా బస్టాండు పక్కకు పోయింది.

ఆ తర్వాత మే నెల మే నెలలాగే గడిచింది. ఆకాశం సగం కడిగిన కంచంలా ఉండేది. దుమ్ము మాత్రం లేచేది, పెరుగన్నంలో పడేది, పళ్ళ కింద కరకరలాడేది. నెలాఖరు అయింది. జూన్ మొదట్లో ఆ పేపరు, ఆ టీ, ఆ ఈగ.

వాన సాధారణం కన్నా బాగా ఎక్కువ. అంటే మాకు గడ్డి క్యాంపు లేదు. ఆ వాన ఎక్కడిదో పేపరు మడిచేలోపల నాకు తెలిసిపోయింది. బస్సు ఎక్కలేదు. ఆ పూట జీతం పోతే పోయిందని మండలాఫీసుకు పోయాను. అటెండరు వరండాలో కూర్చుని పుల్లతో చెవి తవ్వుకుంటున్నాడు.

"అన్నా, పోయిన నెల మనకు వాన యాడ పడె?"

"పడింటాదిలేప్పా. ఆదివారం నేను మా మరదలి పెండ్లికి పోయింటి. సోమారం వచ్చి చూస్తే సీసా నిండి పొర్లి, డబ్బాలో గూడా ఉండె. ఊరి మీద పడకున్యా ఆఫీసు మీద పడిందేమో అనుకుంటి. మన పక్క ఎద్దు ఈ కొమ్ము తడిస్తే ఆ కొమ్ము తడవదు గదా."

"నీళ్ళు ఏ రంగుండె?"

ఆలోచించాడు. "పచ్చగ. ఎర్రగ గూడా. దుమ్ములో పడిన వానలే అనుకుంటి."

"వాసన?"

"వాసన..." ఆయన చెవిలో పుల్ల ఆగిపోయింది. "పసుపు వాసనొచ్చె. నిజమే. ఇంగొక వాసన గూడా..."

"బస్టాండు మరుగుదొడ్డి వాసన."

జరిగింది చెప్పాను. విన్నంతసేపూ ఆయన మొహంలో రంగులు మారాయి. చివరికి "చేత్తో ముట్టుకుంటి గదప్పా! ఆ చేత్తోనే టిఫిన్ తింటి!" అని అరచేతిని ప్యాంటుకు రాసి రాసి తుడుచుకున్నాడు, అన్నాళ్ళ తర్వాత.

మేడం దగ్గరికి పోదాం పదమన్నాను. మా ఆఫీసరమ్మది కోస్తా పక్క. మంచిమనిషి, పనివేళకు వస్తారు, కూర్చోమంటారు. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నారు. విని, నా మొహం వైపు చూసి అడిగారు,

"మీ నీడ ఇంట్లోనే ఉండిపోయిందని మా డ్రైవరుతో చెప్పింది మీరేనాండీ?"

"నేనే మేడం. అది వేరే. ఇది నిజం. కావాలంటే ఆ డబ్బా చూడండి, పసుపు మరకలుంటాయి."

"దుమ్ము పట్టిందని మొన్ననే కడిగించానండీ."

అటెండరు వైపు చూశాను. అటెండరు ఫ్యాను వైపు చూశాడు. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. అయినా ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"సరే, మీరు చెప్పేది నిజమే అనుకుందాం," అన్నారు మేడం. "నెల ముగిసింది, లెక్క పైకి వెళ్ళిపోయింది. అది తప్పని చెప్పాలంటే కారణం రాయాలి. ప్రభుత్వ పరికరంలో నీళ్ళు పోశారని రాస్తే, ఎవరు పోశారని అడుగుతారు. పేర్లు కావాలి. ముందు ఎవరు పోశారు, ఎవరు పోయమన్నారు. మీరు చెబుతారా?"

రోకలి ముందు కొసన ఎవరున్నారో చెప్పాలి. తీగ ఎవరు విప్పారో చెప్పాలి. నోరు తెరిస్తే మూయడం చేతకాదని పేరున్న నేను, ఆ కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. బతుకంతా అబద్ధాలు చెప్పాను, ఒక్కటీ ఎవరి మెడకూ చుట్టుకోలేదు. నిజం ఒక్కటి చెప్పబోతే అది తిన్నగా మా అక్క మెడ వెతుక్కుంటూ వచ్చింది. థూ అనిపించింది. మేడం మీద కాదు. ఆ గది మీద, ఆ తిరగని ఫ్యాను మీద, నా నాలుక మీద.

"లేదు మేడం. ఊరికే చెప్పినా," అన్నాను.

"అనుకున్నానండీ," అన్నారామె. ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉన్నా బాగుండేది.

బావకు మాత్రం క్యాంపు లేదంట అని చెప్పాను. భుజం మీది తువ్వాలు తీసి, నీళ్ళతో కడుక్కున్నట్టే పొడి మొహాన్ని పైనుంచి కిందికి తుడుచుకున్నాడు. అక్కకు నేను ఏమీ చెప్పలేదు.

సంతనాడు బండి వచ్చింది. చిన్న లారీ, వెనక పలకకు ఆనించిన చెక్క. అక్క పొద్దున్నే రెంటి మెడల గంటలూ విప్పి, చేటలో పెట్టి, లోపల పెట్టేసి వచ్చింది. గిట్టలు కడిగి పసుపు రాసింది. బావ పలుపులు విప్పాడు. రెండూ మొరాయిస్తాయని, ఊరంతా కూడి తోయాల్సి వస్తుందని నేను అనుకున్నాను. అట్లా జరిగితే చూడలేనని చొక్కా గుండీలు సర్దుకుంటూ పక్కకు తిరిగాను.

దళారికి నాకన్నా ఎక్కువ తెలుసు. లారీలో ముందు మూల ఒక మోపు వరిగడ్డి వేసి పెట్టాడు.

ఎలపటిదాన్ని ఎవరూ తోలలేదు. వాసన తగలగానే చెవులు నిక్కించి, చెక్క మీద టకటకమని తనంతట తానే ఎక్కిపోయింది. ఎక్కి నమలడం మొదలుపెట్టింది. దాపటిది ఒక్కసారి అక్క వైపు తల తిప్పింది, ఆ తర్వాత అదీ ఎక్కింది. రెండూ పక్కపక్కన నిలబడి, కాడికి కట్టినట్టే, దాపటిది ఎడమకు, ఎలపటిది కుడికి, తల ఎత్తకుండా తింటున్నాయి. మరుగుదొడ్డి గుంత వాసన నేను ఓర్చుకున్నాను. షెడ్డు వాసన రోజూ ఓర్చుకుంటున్నాను. ఆ ఎండుగడ్డి వాసన ఓర్చుకోలేకపోయాను.

అక్క అరుగు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. దళారి పలుపులను కమ్మీలకు కట్టుకుంటున్నాడు. బావ కింద నిలబడి, ఇంకా చేతిలో ఏదో ఉన్నట్టు ఖాళీ పిడికిలి పట్టుకుని ఉన్నాడు.

"ఏమిరా," అన్నది అక్క. "మనకు వాన బాగా పడిందని పేపర్లో రాసినారంట గదా."

"ఊఁ."

"ఆ వాన నేను పోసిందేనంట గదా."

నేను తల తిప్పి చూశాను. ఆమె లారీ వైపే చూస్తోంది.

"ఎవరు చెప్పినారు?"

"అటెండరు పెండ్లాం. కొళాయి కాడ. నవ్వి నవ్వి చెప్పె. నీళ్ళు దులుపుకుంటా నేనూ నవ్వితి."

అక్క మోచేత్తో పొడిచింది.

"యాడ పడిందో చెప్పు."

"ఏంది?"

"ఆ వాన. యాడ పడె, ఎట్ల పడె. టీ కొట్లో ఊరికే వాగుతాండావు గదా, ఈ పొద్దు నాకు చెప్పు. వాడు పలుపులు కట్టేదాకా చెప్పు."

మొదలుపెట్టాను. వాన కర్ణాటక గుట్టల మీదుగా వచ్చిందన్నాను. ముందు గాలి వచ్చి, ఆఫీసు మీది రేకులన్నీ లేచి చప్పట్లు కొట్టాయన్నాను. ఒక్కో చుక్కా చెంబంత పడిందనీ, చెంబు మీద పసుపు కూడా ఉందనీ చెప్పాను. అది మన ఊరి మీద ఆగకుండా ఆ గుట్టల వెనక ఒక బయలులో కురిసిందనీ, దళారికి ఆ బయలు తెలుసనీ, ఈ బండి తిన్నగా అక్కడికే పోతుందనీ, అక్కడ కప్పల అరుపుకు మనుషులు ఒకరి మాట ఒకరికి వినబడక సైగలు చేసుకుంటున్నారనీ చెప్పాను.

"గడ్డి?"

"నడుమెత్తు ఉండాదక్కా. ఎద్దు పడుకుంటే కనబడదు."

అక్క తల అడ్డంగా ఊపింది.

"నడుమెత్తు వద్దు. ఎలపటిది ఆపుకోలేదు, కడుపుబ్బి చస్తాది. మోకాలెత్తు చాలు."

మోకాలెత్తుకు తగ్గించాను.

లారీ కదిలింది. ఎర్రటి దుమ్ము సందు నిండా లేచి, తెరిచిన నోట్లోకి, నాలుక మీదికి, పళ్ళ సందుల్లోకి పోయింది. ఉమ్మితే కథ ఆగుతుంది. మింగేసి, చెబుతూనే పోయాను.